తొలి పత్రిక అందుకున్న నగరం: థెస్సలొనీక

మన మహాసభలకు ఆతిథ్యమిస్తున్న థెస్సలొనీక గ్రీసులో ఏథెన్స్ తర్వాత అంతటి పెద్ద నగరం. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవారికి ఈ ఊరి పేరు చిన్ననాటి నుంచీ పరిచయమే. ఇక్కడి సంఘానికి పౌలు పేరిట వెలువడిన రెండు పత్రికలు కొత్త నిబంధనలో ఉన్నాయి. వాటిలో మొదటిది క్రీ.శ. 50 ప్రాంతంలో కొరింథు నుంచి రాసింది. నేడు మనకు దొరుకుతున్న క్రైస్తవ రచనల్లో అన్నిటికంటే పాతది అదేనని ఎక్కువమంది పండితుల నమ్మకం.

క్రీ.పూ. 315లో మాసిదోనియ పాలకుడు కసాండర్ ఈ నగరాన్ని నెలకొల్పి, తన భార్య పేరు పెట్టాడు. ఆమె అలెగ్జాండర్‌కు సవతి సోదరి. రోమన్లు వచ్చాక ఇది మాసిదోనియ రాష్ట్రానికి రాజధాని అయింది. ముందు సముద్రం, మంచి రేవు. ఏడ్రియాటిక్ తీరం నుంచి తూర్పుగా సాగే ఎగ్నాతియా రాజమార్గం ఈ నగరాన్ని ఆనుకునే వెళ్లేది. వర్తకులతో, సైనికులతో, నావికులతో పాటు దేవుళ్లూ ఈ దారినే వచ్చారు. గ్రీకు దేవతల సరసనే ఐగుప్తు దేవతలు సెరాపిస్, ఐసిస్‌లకు ఇక్కడ గుడి ఉండేది. రోమా చక్రవర్తికీ పూజలు జరిగేవి. యూదులకు సమాజమందిరం ఉండేది.

ఆ రాజమార్గం మీదే, ఫిలిప్పీలో దెబ్బలు తిని, చెరసాల చూసి, పౌలు, సీల ఈ ఊరు చేరారు. పౌలు మూడు విశ్రాంతి దినాలు సమాజమందిరంలో లేఖనాలు విప్పి తర్కించాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. కొందరు యూదులు, యూదుల దేవుణ్ణి ఆరాధించే గ్రీకులు చాలామంది, ఊళ్లో పేరున్న స్త్రీలు అనేకులు నమ్మారు. యాసోను అనే వ్యక్తి పౌలు, సీలలకు తన ఇంట చోటిచ్చాడు. వ్యతిరేకులు ఆ ఇంటి మీద పడ్డారు. కైసరు ఉండగా యేసు అనే వేరొక రాజు ఉన్నాడంటున్నారని నేరం మోపారు. అధికారులు యాసోను దగ్గర జామీను తీసుకుని వదిలిపెట్టారు. ఆ రాత్రే సహోదరులు పౌలును, సీలను బెరయకు పంపేశారు.

బోధకుడు వెళ్లిపోయాక కూడా సంఘం ఎలా నిలిచిందన్నదే ఈ నగర చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించే విషయం. వారికి గుడి లేదు, ధనబలం లేదు, అధికారుల అండ లేదు. పౌలు ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు చేతులతో కష్టపడి పనిచేస్తూ బోధించాడు. మీరూ మీ చేతులతో పనిచేసుకు బతకండని వారికీ రాశాడు. విశ్వాసం వ్యాపించింది కాయకష్టం చేసేవారి మధ్య, ఇళ్లలో కూడే చిన్న గుంపుల మధ్య. తమలో కొందరు చనిపోతే, ప్రభువు రాకడ నాటికి వారి గతేమిటని ఆ సంఘం బెంగపడింది. ఆ దుఃఖానికి ఓదార్పుగా పౌలు రాసిన మాటలను ఈనాటికీ మన తెలుగు సంఘాల్లో సమాధి ఆరాధనల్లో చదువుతారు. రేవూ రాజమార్గమూ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడి విశ్వాసం మాసిదోనియ, అకయ ప్రాంతాలంతటా వినబడింది. ఈ ఊరివాడైన అరిస్తర్కు, పౌలు ఖైదీగా రోమాకు ఓడెక్కినప్పుడూ వెంటే ఉన్నాడు.

రెండున్నర శతాబ్దాల తర్వాత గలేరియస్ చక్రవర్తి ఇక్కడ రాజభవనం, విజయతోరణం, రొటుండా అనే గుండ్రని మహాకట్టడం నిర్మించాడు. క్రైస్తవులను కఠినంగా హింసించిన పాలకుల్లో అతనొకడు. ఆ కాలంలోనే దెమెత్రియస్ హతసాక్షి అయ్యాడని సంప్రదాయం. ఆయనే నేటికీ ఈ నగర రక్షక పరిశుద్ధుడు. కాలం తిరగబడి రొటుండాయే చర్చి అయింది. 380లో థియొడోసియస్ చక్రవర్తి ఈ నగరం నుంచే శాసనం వెలువరించి, నైసియా విశ్వాసాన్ని సామ్రాజ్య మతం చేశాడు. అదే చక్రవర్తి సైనికులు 390లో ఇక్కడి ప్రజలను వేలాదిగా ఊచకోత కోశారు. మిలాను బిషప్ అంబ్రోస్ నిలదీయడంతో అతను బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించాల్సి వచ్చింది. అధికారం చేతికొచ్చాక విశ్వాసానికి ఎదురయ్యే పరీక్ష ఎంత కఠినమైనదో ఈ పదేళ్ల చరిత్ర చెబుతుంది.

తొమ్మిదో శతాబ్దంలో స్లావ్ జాతులకు వారి భాషలోనే లేఖనాలు అందించిన సిరిల్, మెథోడియస్ సోదరులు ఈ ఊరి బిడ్డలే. 1492 తర్వాత స్పెయిన్ వెళ్లగొట్టిన యూదులు వేలాదిగా ఇక్కడ తలదాచుకున్నారు. 1943లో నాజీలు 45 వేల మందికి పైగా యూదులను ఇక్కడి నుంచి మరణ శిబిరాలకు తరలించారు. పౌలు తొలి మాట వినిపించింది సమాజమందిరంలోనే కాబట్టి, ఇక్కడి యూదు మ్యూజియం చూడటం మన బాధ్యత అనుకుంటాను.

ఇక్కడి తొలి క్రైస్తవ, బైజాంటైన్ కట్టడాలు 15 యునెస్కో వారసత్వ జాబితాలో 1988లో చేరాయి. రొటుండా, దాని కుడ్యాల మొజాయిక్కులు, దెమెత్రియస్ చర్చి, దాని నేలమాళిగ, అయిదో శతాబ్దపు అఖైరొపియెతోస్ చర్చి తప్పక చూడండి. రోమన్ అగోరాలో ఇప్పుడు కనిపించే కట్టడాలు చాలావరకు పౌలు తర్వాతి కాలానివి. 2024లో మొదలైన మెట్రోలో వెనిజెలు స్టేషన్‌కు వెళితే తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన వీధి కనిపిస్తుంది. తీరిక ఉంటే, నేడు వెరియాగా పిలిచే బెరయకు బస్సులో వెళ్లి రావచ్చు.

సభలకు ముందో తర్వాతో ఒక పూట ఈ నగరానికి కేటాయించండి. బయలుదేరే ముందు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికను ఒక్కసారి మొత్తం చదవండి. అయిదే అధ్యాయాలు, అరగంట కూడా పట్టదు. చదివి నడిస్తే ఈ వీధులు మీకు మరింత బాగా అర్థమవుతాయి.