నైసు

"నైసుగా పట్టమంటారా, బరకగానా అండీ?" అమలాపురం చుట్టుపక్కల ఏ పిండిమరకు వెళ్ళినా వినిపించే ప్రశ్న ఇది. జంతికలకైతే నైసుగా, సున్నిపిండికైతే బరకగా అని మనమూ తడుముకోకుండా బదులిస్తాము. ఈ నైసు ఆంగ్లమునుండి వచ్చినదే. అయినా ఈ ప్రశ్న వింటే ఆంగ్లేయుడు తెల్లమొగం వేస్తాడు. వారికది ఇంపైనది, మంచిది అనే అర్థమిచ్చే విశేషణం. మనకది వేళ్ళతో తెలుసుకునే గుణం. చిత్రిక పట్టిన చెక్క నైసు, అరగదీసిన గంధం నైసు. పరాయి మాట ఒక భాషలో కాపురం పెట్టిందో లేదో తేల్చుకోవాలంటే దాని ఎదుటి మాటను చూడాలంటాను నేను. అక్కడ నైసుకు ఎదురు అసహ్యమైనది, చెడ్డది. ఇక్కడ బరక, గరుకు.

ఆత్రేయపురం వైపు పూతరేకులు తీసే మా దూరపు బంధువు ఒకావిడ ఉన్నారు, వరసకు నాకు పెద్దమ్మ. (ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.) నానిన బియ్యాన్ని రుబ్బి, పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి బోర్లించిన కుండమీద ఒక్క లాగు లాగుతారు. క్షణంలో రేకు లేస్తుంది. పిండిలో పలుకు మిగిలిందా, రేకు చిరుగుతుంది. అందుకని "నైసుగా రుబ్బవే అమ్మాయ్" అన్నది ఆవిడ నోట ఎప్పుడూ ఉండే మాట. కాన్వెంటులో చదివే మనవడు ఒకనాడు నలుగురిలో నవ్వి, "నైస్ అంటే బాగుందని నానమ్మా, పిండికి వాడరు" అని దిద్దాడు. నాటినుండి వాడు ఎదుట ఉంటే ఆవిడ "మెత్తగా" అంటున్నారు, అదీ ఒక క్షణం ఆగి. మెత్తన వేరు, నైసు వేరు. పరుపు మెత్తన, అన్నం మెత్తన. ఆ తేడా తెలిసిన మనిషి చేత తెలియని వాడు మాట మార్పించాడు.

వాడు ప్రమాణంగా చూపిన ఆంగ్లపదం కథ చూడండి. దాని మూలం లాటినులోని 'నెస్కియస్'. 'నె' అంటే లేదు, 'స్కిరె' అంటే తెలియుట. వెరసి అజ్ఞుడు! సైన్సు పుట్టింది కూడా ఆ తెలియుట అనే ధాతువునుండే. ప్రాచీన ఫ్రెంచిగుండా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివిమాలినవాడు. తరువాత చాదస్తుడు, సుకుమారి, నాజూకైనది, సూక్ష్మమైనది అంటూ శతాబ్దాలపాటు రూపులు మార్చింది. బాగుందనే అర్థం వాడుకలో పడినది పద్దెనిమిదో శతాబ్దిలో. 1817 చివర వెలువడిన 'నార్తాంగర్ ఆబీ' నవలలో జేన్ ఆస్టెన్, దేనికైనా నైస్ అనేసే అలవాటును ఒక పాత్రచేత ఎగతాళి చేయించింది కూడా. సూక్ష్మమైన భేదాన్ని 'నైస్ డిస్టింక్షన్' అనడం మాత్రం అక్కడ నేటికీ ఉంది. పెద్దమ్మ నైసుకు దగ్గరి చుట్టం అదే.

మాటలు ఇలా పైకెక్కడం, కిందికి జారడం మనకు కొత్త కాదు. ఒకప్పుడు పరిమళమైన కంపు నేడు దుర్వాసన అయింది. హద్దు అనే అర్థమున్న మర్యాద గౌరవమైంది. వీటిని అర్థాపకర్ష, అర్థోత్కర్ష అని పాఠ్యపుస్తకాలలో చదివి తలలూపుతాము. అదే పని పొయ్యి దగ్గర జరిగితే తప్పు పడతాము.

నైసు మన దగ్గర అక్కడితో ఆగలేదు సుమా. "వాణ్ణి కాస్త నైసు చేసి సంతకం పెట్టించు" అంటే బుజ్జగించమని. "ఉంగరం నైసుగా నొక్కేశాడు" అంటే చప్పుడు కాకుండా. గరుకు తగలనివ్వని నేర్పు పిండినుండి మనుషుల మీదికి పాకింది. ఈ రెండర్థాలూ ఇంగ్లీషువాడు ఇచ్చినవి కావు. ఆ మనవడు కూడా నానమ్మను డబ్బు అడగవలసి వచ్చినప్పుడు ఎంత నైసుగా అడుగుతాడో నేను చూశాను. ఆవిడ కూడా చూస్తూనే ఉంటారు, కొంగుముడి విప్పుతూ.