సైదులు అని చెప్పిన

1993ల యూనివర్సిటీ చదువు అయిపోయింది. పైసలున్న సోపతిగాళ్లు దేశాలు పోయిండ్రు. నేను భుజానికి సంచేసుకొని పాలమూరు బస్సెక్కిన. పుట్టింది పక్కన నల్లగొండలనే గని ఆ దిక్కు ఎన్నడు పోయినోణ్ని గాదు.

బస్సుల పక్కాయన బొంబాయి పనికి పోయొచ్చిన కూలీ. జొన్నరొట్టె సగం తుంచిచ్చిండు. పేరు చెప్పినంక, 'తురకోల్లా? తెలుగు మంచిగొస్తదే!' అన్నడు. ఇంకేం రావాలె? ఇంట్ల మాట్లాడే ఉర్దూ వింటే హైదరాబాదోళ్లు నవ్వుతరు.

నాలుగు దినాలు తిరిగి దేవరకొండ చేరిన. లాడ్జిల రూములున్నయన్నరు. రిజిస్టర్ల పేరు రాసినంక లేవన్నరు. 1992 డిసెంబర్‌ల బాబ్రీ మసీదు కూల్చిండ్రు, ఇంక ఏడు నిండలే. బస్టాండ్ల పండుకున్న.

తెల్లారి మిర్యాలగూడ మీదికెల్లి జాన్‌పహాడ్ దర్గాకు పోయిన. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. హిందువులు, ముస్లింలు ఇద్దరూ మొక్కే జాగా. ఆ మొక్కులకే మా దిక్కు ఊరూరికి సైదులు, సైదమ్మలు. చెట్టుకింద కందూరు చేస్తున్న ముసలామె 'పేరేంది బిడ్డా?' అంటే 'సైదులు' అన్న. ఏ మతమో తెల్వని పేరు. దర్గా ముందల నిలబడి నా పేరు దాచిన.

'మా పెద్దోని పేరేనాయె' అని ఇస్తరేసింది. తలెత్తకుండ తిన్న. ఇంకింత బువ్వేసి, 'మొక్కు తీర్చనీకొచ్చినవా?' అనడిగింది.

అవునన్న.