భన్‌పురిలో సంక్రాంతి చుట్టాలు

పరుపులు నాలుగు. వస్తున్నవాళ్లు తొమ్మిది మంది. 2025 జనవరి రెండో వారంలో, రాయపూర్ శివార్లలోని భన్‌పురిలో ఒక రెండు గదుల అద్దె ఇంట్లో ఈ లెక్క ఎంతకీ తేలలేదు. చివరికి పరుపులూ దుప్పట్లూ టెంట్ హౌస్ నుంచి అద్దెకు వచ్చాయి. పెద్ద గిన్నెలు పక్కింటి ఛత్తీస్‌గఢీ కుటుంబం ఇచ్చింది. పిల్లల పుస్తకాలు మంచాల కిందికి, కుట్టుమిషను వరండాలోకి చేరాయి. ఉర్లా పారిశ్రామికవాడలో ఒక రోలింగ్ మిల్లులో సూపర్‌వైజరైన ఇంటాయనకు సెలవు దొరకడం మరో యజ్ఞం. సంక్రాంతికి అన్ని రోజులెందుకో అక్కడివాళ్లకు అర్థం కాదు. దీపావళికీ హోలీకీ తాను డ్యూటీ చేసిన రోజులన్నీ ఏకరువు పెడితే గానీ సెలవు చీటీ మీద సంతకం పడలేదు.

ఇంత హడావుడికీ కారణం ఉంది. పదహారేళ్లుగా పండక్కి ఆ ఇంటికి తాళం వేసి వెళ్లడమే తప్ప, ఆ ఇంటికే చుట్టాలను పిలవడం అదే మొదటిసారి.

రాయపూర్‌కు తెలుగువాళ్లు కొత్తేమీ కాదు. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం 1931లోనే పూర్తయింది. రైల్వే ఉద్యోగాలు కొందరిని, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన భిలాయి ఉక్కు కర్మాగారం మరెందరినో ఇటు రప్పించాయి. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయింది. చుట్టుపక్కల ఉర్లా, సిల్తరాల్లో ఇనుము, ఉక్కు మిల్లులు పెరిగాయి. పని వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ పెరిగారు. ఈయన 2008లో విజయనగరం జిల్లాలోని ఒక పల్లె నుంచి అలా వచ్చినవాడే. ఇలాంటివాళ్లలో చాలామందికి ఇక్కడ ఉన్నది ‘రూము’. ‘ఇల్లు’ అంటే ఊళ్లోదే. పదహారేళ్లలో ఆయన గోడకు ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఎప్పటికైనా వెళ్లిపోయేవాళ్లం కదా అన్నది ఆయన వాదన.

ఆ ఊళ్లోని ఇల్లే చిక్కుల్లో పడింది. 2023లో తండ్రి పోయారు. ఏటిసూతకం వల్ల మరుసటి ఏడాది సంక్రాంతి లేదు. అది ముగిసేసరికి ముగ్గురు అన్నదమ్ముల మధ్య ఇంటి మాట వచ్చింది. అమ్మేద్దామని పెద్దవాడు, కుదరదని చిన్నవాడు. దూరాన కూర్చున్నవాడికి ఏం తెలుస్తుందని మధ్యవాడి మీద ఇద్దరూ. తల్లి విశాఖలో కూతురి దగ్గరికి చేరింది. ఇంటికి తాళం పడింది. ఫోన్లు తగ్గిపోయాయి. అప్పుడు భన్‌పురి ఇల్లాలు రంగంలోకి దిగింది. అత్తగారికీ ఆడపడుచుకీ బావగారికీ మరిదికీ విడివిడిగా ఫోన్ చేసి, ఈసారి పండగ మా ఇంట్లోనేనని చెప్పింది. మిగతావాళ్లూ వస్తున్న సంగతి మాత్రం అన్నకు గానీ తమ్ముడికి గానీ చెప్పలేదు.

టికెట్లు తీసింది కూడా ఆవిడే. అందరికీ ఒకటే బోగీ. విశాఖ–దుర్గ్ వందేభారత్ 2024 సెప్టెంబర్‌లో మొదలయ్యాక, పాసింజర్ బండిలో రాత్రంతా పట్టే ప్రయాణం ఒక్క పూటలో తేలిపోతోంది. అయినా మాటలు లేని అన్నదమ్ములకు ఆ పూట కూడా పెద్దదే. భోగి ముందు రోజు రాత్రి రాయపూర్‌లో దిగేసరికి ఇద్దరూ ఇంకా మాట్లాడుకోవడం లేదు. కానీ ఒకరి సంచి మరొకరు మోస్తున్నారు.

ఆ సంచుల్లోంచి అనకాపల్లి బెల్లం, తేగలు, మాడుగుల హల్వా, ఆవకాయ జాడీ దిగాయి. తెల్లారాక అరిసెల పాకం పొయ్యి మీదికెక్కింది. తొంగిచూసిన పక్కింటి ఆవిడ, ఇది మా ఐరసాయే కదా అని ఆశ్చర్యపోయింది. నిజమే. బియ్యప్పిండీ బెల్లం పాకమే అక్కడా. విజయనగరంలో అరిసెగా రైలెక్కితే, ఒడిశాలో అది అరిసా పిఠా, రాయపూర్‌లో దిగేసరికి ఐరసా. అయితే పాకం ఎంత ముదరాలన్న దానిపై అత్తగారికీ పక్కింటావిడకూ పేచీ వచ్చింది. ఒకరిది తెలుగు, మరొకరిది ఛత్తీస్‌గఢీ. మధ్యలో దుబాసీ, తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాని పదేళ్ల మనవరాలు. బామ్మ మాట ఒక్కటి కూడా వదలకుండా చెప్పాల్సి రావడంతో, రెండు రోజుల్లో ఆ పిల్ల నోట విజయనగరం యాస పలికింది.

ఆ ఏడాది మరో విశేషం ఉంది. జనవరి 13న భోగి, పుష్య పౌర్ణమి ఒకేరోజు వచ్చాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఆ పౌర్ణమి ఛేర్‌ఛేరా పండుగ. కొత్త పంట ఇంటికొచ్చిన వేళ పిల్లలు సంచులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ధాన్యం అడుగుతారు. లేదనకుండా ఇవ్వడం ఆనవాయితీ. కలప మిల్లు నుంచి తెచ్చిన చెక్క ముక్కలతో వేసిన భోగిమంట చల్లారిందో లేదో, గుమ్మంలో పిల్లల దండు దిగింది. ఎవరో, ఎందుకో ఎవరూ చెప్పకుండానే ముసలావిడ బియ్యం డబ్బా తెచ్చి దోసిళ్లతో పోసింది. ఆవిడకు వాళ్లు హరిదాసు చుట్టాల్లాగే కనిపించారు. సాయంత్రం భోగిపళ్ల వేళకు అదే దండులోంచి నలుగురు తమ నెత్తిమీదా రేగుపళ్లు పోయమని వచ్చి కూర్చున్నారు. మిల్లుల మసి పడి మధ్యాహ్నానికే నల్లబడ్డ ముగ్గును ఆవిడ మళ్లీ దిద్దింది.

సంక్రాంతి రోజు అసలు పరీక్ష. ఉత్తరాంధ్రలో అది పెద్దల పండుగ. పోయినవాళ్లకు బట్టలు పెట్టి మొక్కాలి. తల్లి తన చీరల మధ్య చుట్టి తెచ్చిన భర్త ఫొటో బయటికి తీసి, ఎక్కడ పెట్టాలని అడిగింది. బీరువా మీద పెడదామని ఎవరో అన్నారు. ఇంటాయన మాట్లాడకుండా లేచి, సుత్తి తెచ్చి, తూర్పు గోడకు మేకు కొట్టాడు. ఫొటో కింద మేకు నిటారుగా ఉందో లేదో చూడ్డానికి పెద్దవాడు ఒక పక్కా, చిన్నవాడు ఒక పక్కా నిలబడ్డారు. ఇంటి తగవు గురించి వాళ్లు మాట్లాడుకున్నది ఆ రాత్రే, డాబా మీద. అమ్మాలా వద్దా అన్నది తేలలేదు. ముందు తాళం తీసి, పైకప్పు బాగు చేయించాలని మాత్రం అనుకున్నారు. అదీ గొంతులు లేవకుండా. ఊళ్లో వాళ్లు వాటాదారులు. భన్‌పురిలో చుట్టాలు. వాటాదారు గొంతు పెంచొచ్చు. చుట్టానికి ఆ సౌకర్యం లేదు.

భన్‌పురిలోనే కాదు, న్యూజెర్సీలోనైనా దుబాయ్‌లోనైనా పండక్కి తలుపు తీసే తెలుగు ఇంట్లో జరిగేది దాదాపు ఇదే. ఆవకాయ జాడీ విమానంలో వస్తుంది, అంతే తేడా. పొరుగుచోట ఎన్నేళ్లున్నా మనిషి అతిథిగానే మిగిలిపోతాడు. తన ఇంటికి అతిథి వచ్చిన రోజునే అతను ఆ ఊరివాడవుతాడు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి బుధవారం ఎవరూ కదల్లేదు. గురువారం ఆ రైలుకు సెలవు. శుక్రవారం స్టేషన్‌కు బయల్దేరినవాళ్లు ఎనిమిది మందే. తల్లి ఉండిపోయింది. మనవరాలికి అఆలు నేర్పే పని ఉందట. టెంట్ హౌస్ కుర్రాడు వచ్చి పరుపులు లెక్కపెట్టుకుంటే ఒకటి తక్కువొచ్చింది. ఇల్లాలు దాని ఖరీదు అడిగి, డబ్బులు చేతిలో పెట్టింది.