అవ్వ వేలిముద్రకు తాళం

ఎన్‌ఎస్‌ఎస్ శిబిరమంటే చెట్లు నాటడం, మోరీలు తీయడం అనుకుని బయల్దేరాను. సిద్దిపేట జిల్లాలో మా కాలేజీ దత్తత తీసుకున్న ఊరికి చేరాక, మూడో రోజు నాకు వేరే పని అంటగట్టారు. సాయంత్రం గ్రామ సమాఖ్య భవనంలో మహిళా సంఘాలవాళ్లకు ఫోన్ జాగ్రత్తలు చెప్పాలి. ‘కంప్యూటర్ గ్రూపు కదా, నీకు తెలియనిదేముంది’ అన్నారు సార్. నేనూ అలాగే అనుకున్నాను.

ఇరవై మంది దాకా వచ్చారు. కొందరు నాట్ల నుంచి నేరుగా వచ్చారు, చీర అంచుల బురద ఇంకా ఆరలేదు. నా ఫోన్ తెరను ప్రొజెక్టర్‌తో గోడ మీద చూపిస్తూ మొదలుపెట్టాను. డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ‘డిజిటల్ అరెస్టు’ మన చట్టంలోనే లేదు. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ కొట్టాలి, ఆలస్యమైతే అది ఖాతాలు మారిపోతుంది. అందరూ తలలూపారు.

ఏ యాప్‌కు ఏ అనుమతి ఇచ్చామో చూసుకోవాలంటూ నా ఫోన్‌లోనే సెట్టింగ్స్ తెరిచాను. కాంటాక్టులు చూసే అనుమతి ఉన్న యాప్‌ల వరుసలో టార్చ్‌లైట్ యాప్ కనబడింది.

‘‘లైటుకు మనుషుల నంబర్లెందుకు సారూ?’’ అంది ముందు వరుసలో ఒకామె.

గది నవ్వుతో ఊగిపోయింది. ఎప్పుడో చదవకుండానే ఒప్పేసుకున్నాను. అప్పటికప్పుడు తీసేశాను గానీ, మాస్టారి హోదా పోయింది. పోవడమే మంచిదైంది. ఆ తర్వాతే వాళ్లు నోరు విప్పారు.

చివర్న గోడకానుకుని కూర్చున్న అవ్వ, ‘‘నాకు పిన్ను లేదు, ఓటీపీ లేదు బిడ్డా. మరి నా పైసలెట్ల పోతయ్?’’ అంది. ఆమె ఉపాధి కూలి డబ్బు ఊళ్లోకి వేలిముద్ర మిషను తెచ్చే మనిషి దగ్గర తీసుకుంటుంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ‘‘రాలేదంటడు, మల్లా పెట్టుమంటడు. రెండుసార్లు తీసిండో ఏమో, నాకెట్ల ఎర్క?’’ అంటూ బొటనవేలు చూపించింది. ఎన్ని కార్తెల నారు పీకిందో, గీతలు అరిగి నున్నబడ్డాయి. నిజంగా ముద్ర పడలేదో, పడినా పడలేదన్నాడో ఎవరు చెప్పాలి? గంటసేపు నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్కా ఈమెకు పనికిరాలేదు.

ఇంటికొకరికి డిజిటల్ అక్షరాస్యత నేర్పడానికి కేంద్రం 2017లో మొదలుపెట్టి 2024లో ముగించిన పీఎంజీదిశా పథకంలోనూ శిక్షణ 20 గంటలు, వయసు 14 నుంచి 60గా ఉండేది. అవ్వకు అరవై ఎప్పుడో దాటింది.

ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చని, తీసేదాకా ఏ మిషనూ దాన్ని ఒప్పుకోదని చెప్పాను. ‘‘తాళమేస్తే నేనెట్ల తీసుకోవాలె?’’ అని అడిగింది. తీయాలంటే ఆధార్‌కు ఇచ్చిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది. అతను పగలు ఫోన్ ఎత్తడు.

గ్రామ సమాఖ్య సహాయకురాలు, వీవోఏ అక్క కల్పించుకుంది. ‘‘అవ్వా, నీ బటన్ ఫోన్ నంబరే ఎక్కిద్దాం. ఓటీపీ నీకొస్తది, నా ఫోన్ల తాళం తీద్దాం. మిషనాయన చేతికైతే ఫోనియ్యకు.’’ అవ్వకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఓటీపీకి అంతకుమించి ఏం కావాలి?

మిషను దగ్గర పాటించాల్సిన కట్టుబాటు కూడా అక్కే చెప్పింది. వేలు ఒక్కసారే పెట్టాలి, రాలేదంటే రాలేదన్న చీటీ అడగాలి, అది చేతికి వచ్చాకే రెండోసారి. నేను చూపించిన స్లైడ్లలో ఈ మాట లేదు.

మర్నాడు పొద్దున్నే అవ్వతో కలిసి మండలంలోని ఆధార్ సెంటర్‌కు బస్సెక్కాను. కండక్టర్ రాగానే కొంగుముడి విప్పి ఆధార్ కార్డు చూపించింది, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టించుకుంది. నన్ను చూసి, ‘‘నువ్వు పైసలియ్యాలె బిడ్డా’’ అంది.