వేటకొడవలికి ఇంగ్లీషు

గోపన్‌పల్లి తండా చౌరస్తాలో నేను రోజూ ఆగే బోండాల బండి ఒకటుంది. "కొట్టాల్నా అన్నా? నీళ్లదా, మలాయిదా?" అంటాడు బండతను. ముందు కత్తి వీపుతో కాయ మీద రెండుసార్లు తట్టి చప్పుడు వింటాడు. నచ్చితే కత్తి తిప్పి వాదరతో మూడు వేట్లు వేస్తాడు. నాలుగో వేటుకి మూత లేస్తుంది. వీపుతో తట్టినా వాదరతో నరికినా అతని లెక్కలో ఆ మొత్తం పని పేరు కొట్టుడే. మనందరి లెక్కా అదే. బోండం కొడతాం, కట్టెలు కొడతాం, చెట్టు కొట్టేస్తాం.

ఈ మాట మీద నాకింత పట్టింపు ఎందుకంటే నా తిండి మాటలతోనే. జిల్లా కోర్టుల్లో తెలుగులో నమోదైన వాంగ్మూలాలు, పంచనామాలు, ఫిర్యాదులు పై కోర్టుకి వెళ్లాలంటే ఇంగ్లీషులోకి మారాలి. హైకోర్టు, సుప్రీంకోర్టుల భాష ఇంగ్లీషని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతోంది. ఆ మార్చే పని నాది. కిటికీ అవతల ఐటీ కంపెనీల అద్దాల మేడలు, నా బల్ల మీద గొడ్డళ్లు, బరిసెలు, కర్రలు. తుపాకీ ఉన్న ఫైలు వస్తే ఇబ్బంది లేదు. ఫైర్ ఆర్మ్ అంటే ఏమిటో 1959 ఆయుధాల చట్టం విడమరిచి చెప్పింది. చిక్కంతా తుపాకీ కానివాటితోనే.

వాటన్నిటినీ కలిపి పిలిచే ఒక్క మాట ఇంగ్లీషులో లేదు. కత్తులూ బాకుల్ని ఫ్రెంచివాళ్లు తెల్ల ఆయుధం అంటారు. రష్యన్లూ చైనావాళ్లూ నిప్పుతో పనిలేనిదని చల్లని ఆయుధం అంటారు. ఇంగ్లీషులో కోల్డ్ స్టీల్ ఉంది గాని అందులో కర్రకి చోటు లేదు. ఎడ్జ్‌డ్ వెపన్ అంటే వాదర ఉండి తీరాలి. మా కింది అంతస్తు కుర్రాడు వీడియో గేములు తయారుచేస్తాడు. "మీలీ వెపన్ అనండి అంకుల్, అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. మీలీ అంటే మీదపడి కలబడే పోరు, అదీ ఫ్రెంచి నుంచి వచ్చిన మాటే. చేతికందే దూరంలో వాడేవన్నీ అందులోకి వస్తాయి, నిజమే. మరి వడిసెల? అతను వడిసెల ఎప్పుడూ చూడలేదు.

రెండు తాళ్ల నడుమ అరచేయంత అల్లిక, అందులో రాయి. తల చుట్టూ గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే రాయి రివ్వున పోతుంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలడానికి వాడేది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల గూండాల మీదికి, రజాకార్ల మీదికి లేచింది కూడా అదే. ఆడవాళ్లు కారప్పొడి, రోకలి పట్టుకుంటే, మగవాళ్లు గుత్పలు పట్టారు. దుడ్డుకర్రని మనవైపు గుత్ప అంటారు. ఆ గుత్పల మీదుగానే పోరాటం నడిపిన సంఘానికి గుత్పల సంఘమన్న పేరొచ్చింది. ఆ పోరాటం గురించి ఇంగ్లీషులో రాసినచోట వడిసెలని కాటపుల్ట్ అంటే నాకు కష్టంగా ఉంటుంది. కాటపుల్ట్ మన ఉండేలు, పిల్లలు పంగలకర్రకి రబ్బరు కట్టి మామిడికాయలు రాల్చేది. వడిసెల స్లింగ్. తాడుకీ రబ్బరుకీ ఉన్న తేడా చిన్నదని ఎవరైనా అనొచ్చు. మంచె మీద నిలబడినవాళ్లు అనరు.

మన పాతవాళ్లు నిప్పుని బట్టి కాక చేతిని బట్టి విభజించారు. అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగంలో యంత్రంతో వదిలేది, చేత్తో విసిరేది, విసిరి మళ్లీ అందుకునేది, చెయ్యి వదలనిది అని వేరు చేసి, ఉత్త చేతులతో చేసే పోరుని చివర చేర్చారు. విసిరేది అస్త్రం, పట్టుకునేది శస్త్రం అని మనకి ఇప్పటికీ తెలుసు. రోజువారీ తెలుగులో ఇంకొకటి జరిగింది. పత్రికలో "మారణాయుధాలతో దాడి" అని ఉంటే మన కళ్ల ముందు కత్తులూ కర్రలే మెదులుతాయి. తుపాకీ పేలితే తుపాకీ అనే రాస్తారు. తుపాకీ కాని ఆయుధాలకి తెలుగు విలేకరులు చప్పుడు చేయకుండా ఒక మాట ఇచ్చేశారు.

చట్టం కూడా వెతికి వెతికి, తుపాకులు కాని ఆయుధాలు అనే రాసుకుంది. 2016లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న 1962 నాటి ఆయుధాల నిబంధనల్లో అయిదో తరగతి అది. కత్తులు, బాకులు, బల్లేలు, యుద్ధపు గొడ్డళ్లతో పాటు 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో అలుగుకున్నవి అందులో పడేవి. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి పడేవి కావు. చౌరస్తా బండి మీద కత్తి ఎంత పొడుగున్నా అది అతని పనిముట్టు.

అందుకే పేరు ముఖ్యం. రాయలసీమ కేసుల తీర్పుల్లో ఏళ్ల తరబడి హంటింగ్ సికిల్ అన్న మాట కనబడుతుంది. వేటకొడవలిని ముక్కకి ముక్కగా మార్చిన మాట అది. మొదట్లో నేనూ అదే రాశాను, ముందువాళ్లు రాశారు కదా అని. సికిల్ అంటే వరి కోసే కొడవలి. పలచగా, తేలిగ్గా ఉంటుంది. పిడికెడు పైరు పట్టి తనవైపు లాగితే కోస్తుంది. వేటకొడవలి బరువు, పొడుగు, కొస దగ్గర వంపు. లాగడానికి కాదు, పైనుంచి దించడానికి. ఇక హంటింగ్. అడవికి వేటకెళ్లేవాడు కొడవలి పట్టుకెళ్లడు. అమ్మవారికి బలిచ్చేదాన్ని వేటపోతు అంటాం, కోస్తాలో పొట్టేలు మాంసాన్ని వేటమాంసం అంటారు. ఈ కొడవలి పేరులోని వేట ఆ వేటే అని నా నమ్మకం. సికిల్ అనగానే పొలం పనిముట్టు, హంటింగ్ అనగానే అడవి గుర్తొస్తాయి. ఎం.ఓ.1, అంటే మొదటి వస్తు సాక్ష్యం, అని చీటీ కట్టి కోర్టులో పెట్టిన వస్తువు ఆ రెండూ కాదు.

కొట్టాడు అన్న మాటలో ఇంకా ప్రమాదముంది. "గొడ్డలితో తలమీద కొట్టినాడు" అని సాక్షి చెబితే బీట్ అని రాశామనుకోండి. దెబ్బ పదునువైపు పడిందా, మొద్దువైపు పడిందా అని వకీలు పట్టుకుంటాడు. డాక్టరు రిపోర్టులో తెగిన గాయమని ఉంటే, సాక్షి మాటకీ గాయానికీ పొత్తు కుదరలేదంటాడు. సాక్షి అబద్ధం చెప్పలేదు. కట్టెలు కొట్టినట్టు కొట్టాడని చెప్పాడు. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన హల్లు కేసులో 1974లో సుప్రీంకోర్టు, సాక్షి గొడ్డలి అన్నాడంటే మామూలుగా మొద్దువైపు అనుకోవడానికి వీల్లేదని, అనుమానముంటే అడిగి తేల్చుకోవాల్సింది ప్రాసిక్యూషనేనని చెప్పింది. ఆ తేల్చుకోవడంలో అనువాదకుడి చెయ్యి కూడా ఉంది.

మన మాటలు ఇంగ్లీషుకి కొత్త కాదు. కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్న ఉక్కు, 1795లో లండన్ రాయల్ సొసైటీ పత్రంలో వూట్జ్‌గా అచ్చయింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించిన ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. లాఠీ మన చట్టంలోనే ఉంది. కిర్పాన్, కుక్రీ నిబంధనల్లో అలాగే కూర్చున్నాయి. వాటి పక్కన వేటకొడవలికి చోటుంది.

కోర్టు కాగితాలు అనువదించే మిత్రులకి నా విన్నపం ఒకటే. వేటకొడవలిని వేటకొడవలి అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట పంచనామాలో ఉన్న పొడవు, వెడల్పు, పిడి, వంపు ఇంగ్లీషులో రాయండి. కొట్టాడు అన్నచోట ఏ వైపుతోనో వాంగ్మూలంలో లేకపోతే మీరు చేర్చకండి. కొట్టినాడు అన్న మూలపదాన్ని ఇంగ్లీషు లిపిలో పక్కనే పెట్టి, తెలుగులో దానికి నరకడమనే అర్థం కూడా ఉందని కింద ఒక్క వరుస రాయండి.