యానాం పెరళ్లు

గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం 800 కిలోమీటర్లు దాటి ఉన్న పుదుచ్చేరిది. 1954 జూన్ 13 వరకు ఫ్రెంచివారి ఏలుబడి. చూడవచ్చినవారు గోదావరి గట్టు, పాత చర్చి చూసి వెళ్లిపోతారు. ఉద్యోగరీత్యా మూడేళ్లు అక్కడ కాపురమున్న నాకు ఎక్కువగా గుర్తున్నవి ఇళ్ల వెనుక పెరళ్లు.

గోదావరి ఒండ్రునేల కనుక ఏది పాతినా పట్టుకుంటుంది. పాత ఇళ్ల వెనుక రెండు కొబ్బరిచెట్లు, అరటి, ములగ, కరివేపాకు, ఒక దొండపాదు మామూలు. చిక్కల్లా, కాపు వస్తే ఒక్కసారే వస్తుంది. గెల దించితే పళ్లన్నీ రెండు మూడు రోజుల్లో పండిపోతాయి. పనసకాయ కొడితే నలుగురున్న ఇంట్లో తరగదు. సంతకు పట్టుకెళ్లేంత సరుకు కాదు, దాచుకుంటే కుళ్లిపోతుంది. అందుచేత పంచుతారు. ఇందులో దానగుణం కన్నా అవసరమే ముందు.

ఆ అవసరంలోంచే రుచి పుట్టింది. కంద ఒకరి పెరట్లోది, బచ్చలి ఇంకొకరి పాదుది. సాయంత్రానికి రెండిళ్లలోనూ కంద బచ్చలి కూరే. రథసప్తమికి చిక్కుడుకాయల రథం కట్టాలంటే పాదున్న ఇంటికి వీధి వీధంతా వెళుతుంది. వినాయకచవితి పత్రి అయితే పది దొడ్లు తిరిగితే గాని పూర్తి కాదు.

"పిన్నిగారూ, అమ్మ ములక్కాడలు ఇచ్చి రమ్మంది" అంటూ పిల్లలు వస్తారు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదన్నది మనందరికీ తెలిసిన ఆచారమే. అక్కడ నేను గమనించినది మరొకటి ఉంది. ఇచ్చిన పూటే సరికి సరి తిరిగి పంపితే ఇచ్చినవారు చిన్నబుచ్చుకుంటారు. నాలుగు రోజులు ఆగాలి, మరో రకం వస్తువు పంపాలి. బ్యాంకులో అప్పు తీర్చి ఖాతా మూసినవారు మళ్లీ కనబడరు. ఇరుగుపొరుగులోనూ అంతే, కొంచెం బాకీ ఎప్పుడూ ఇటో అటో మిగిలి ఉండాలి.

మాది అద్దె ఇల్లు, పెరడు లేదు. వచ్చిన దబ్బకాయలను మా ఆవిడ ఊరగాయ పెట్టి సీసాలలో తిరిగి పంపేది. నేను సాయంత్రాలు పెద్దవారికి పింఛను కాగితాలు, డిపాజిట్ ఫారాలు నింపిపెట్టేవాణ్ణి. ఎవరికి మిగిలింది వారు ఇవ్వడమే కదా!

1996 నవంబరు 6 నాటి తుఫాను యానాన్ని అతలాకుతలం చేసింది. పక్కింటి మామ్మగారు ఆ సంగతి చెప్పేవారు. వారి దొడ్లో చెట్టన్నది మిగలలేదట. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పై వీధివారు తెచ్చిచ్చిన అరటి పిలకలు ఏడాది తిరిగేసరికి గెల వేశాయి. "ఆ మొదటి గెల మేము రెండు పళ్లే తిన్నాం బాబూ" అనేవారు. మిగతావి వీధికి వెళ్లాయి.

ఇప్పుడక్కడా అన్నదమ్ముల పంపకాలలో పెరళ్లు చీలుతున్నాయి, అద్దె గదులు లేస్తున్నాయి. చెట్టుతోబాటు గిన్నెల రాకపోకలూ పోతాయేమోనన్నదే నా బెంగ.

హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో మేడమీద ఉండే మనకు పెరడు ఎక్కడిదంటారా? కుండీలో కరివేపాకు చాలు. రెండు రెబ్బలు మిగిలిన రోజున పక్కింటి తలుపు తట్టండి. వారు తెలుగువారే కానక్కరలేదు. మీ గిన్నె వెంటనే తిరిగి రాకపోతే మాత్రం అడగవద్దు.