చూద్దాం లెండి!

విదేశాలు చూసివచ్చిన మనవాళ్ల నోట ఒక తీర్పు తరచుగా వినిపిస్తూ ఉంటుంది. జపాను వాళ్లు నిజాయితీపరులట, అమెరికా వాళ్లు మర్యాదస్తులట, మనకు మాత్రం ఆ రెండూ లేవట. నారాయణగూడలో మేముండే సందులో దాదాపు ప్రతి ఇంటినుంచీ ఒకరో ఇద్దరో అమెరికాలో ఉన్నారు కనుక, ఈ తీర్పును బలపరిచే సాక్షులకు కొదవలేదు. డిసెంబరులో వాళ్లు దిగగానే విచారణ మళ్లీ మొదలవుతుంది. ఉద్యోగరీత్యా అమెరికాలో ఆరేళ్లు, జపానులో రెండేళ్లు గడిపి తిరిగి ఈ సందుకే చేరినవాణ్ణి కనుక నన్నూ సాక్ష్యం అడుగుతారు. నా సాక్ష్యం ఎవరికీ రుచించదు. ఎందుకంటే, నేను చూసినంతవరకు మూడు చోట్లా మనుషులు మర్యాద కోసం అబద్ధమాడుతూనే ఉంటారు. తేడా ఎక్కడుందంటే, ఆ అబద్ధానికి వెల ఎవరు చెల్లిస్తారన్న దగ్గర.

అమెరికాలో మర్యాద అంటే ప్రధానంగా మాట. దుకాణంలో డబ్బు తీసుకునే అమ్మాయి "ఎలా ఉన్నారు?" అంటుంది. అది ప్రశ్న కాదు, మన "భోంచేశారా?" లాంటి పలకరింపు. జవాబుగా మోకాళ్ల నొప్పుల సంగతి ఎత్తుకుంటే వెనక వరుసలో వాళ్లు ఇబ్బందిగా కదులుతారు. బస్సు దిగేవాడు డ్రైవరుకు థాంక్స్ చెప్పి మరీ దిగుతాడు. ముందు వెళుతున్న అపరిచితుడు మీకోసం తలుపు పట్టుకుని నిలబడతాడు. మీరు కాస్త దూరంలో ఉంటే, ఆయన్ని నిలబెట్టడం బాగుండదని మీరే పరుగెత్తవలసి వస్తుంది! "ఎప్పుడైనా లంచ్‌కి కలుద్దాం" అన్న సహోద్యోగికి ఆ "ఎప్పుడైనా" ఎప్పటికీ రాదని కొత్తలో తెలియదు, ఏడాది తిరిగేసరికి తెలుస్తుంది. ఇవన్నీ చిన్న చిన్న అసత్యాలే. ఎవరి జేబూ చిల్లుపడదు.

అదే దేశంలో వీధిమూలల దగ్గర మరొక ఏర్పాటు ఉంది. నాలుగు దారులు కలిసే చోట పోలీసు ఉండడు, సిగ్నలు ఉండదు, నాలుగు వైపులా "ఆగుము" అన్న ఎర్ర పలక మాత్రం ఉంటుంది. ఎవరు ముందు వచ్చి ఆగితే వారు ముందు కదలాలి. ఎదుటివాడు తన వంతు తప్పకుండా లెక్కపెట్టుకుంటాడన్న నమ్మకం మీద నడిచే వ్యవహారమిది. కాగితాల పనీ అంతే. మీరు రాసి సంతకం పెట్టింది మొదట నమ్ముతారు. అబద్ధమని తేలితే మాత్రం క్షమించరు. నారాయణగూడ చౌరస్తాలో రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాటినవాడికి ఆ ఎర్ర పలక ఒక అద్భుతంలా కనిపించడంలో వింతలేదు.

ఇక జపాను. అక్కడ మర్యాద మాటలో కంటే మౌనంలో ఎక్కువ. రైల్లో ఫోను మోగదు, మోగినా ఎవరూ మాట్లాడరు. 2017 నవంబరులో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలొకటి వేళకంటే 20 సెకన్లు ముందు బయలుదేరినందుకు ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. ప్రయాణికులెవరూ ఫిర్యాదు చేయలేదు కూడా! పోయిన వస్తువు వీధి చివరి పోలీసు గుమటీకి, అంటే వాళ్ల కోబన్‌కు, చేరుతుంది. చట్టం ప్రకారం దొరికినవారికి వస్తువు విలువలో 5 నుంచి 20 శాతం దాకా పారితోషికం ముడుతుంది. మూడు నెలల్లో సొంతదారు రాకపోతే వస్తువే వాళ్లది కావచ్చు. కనుక అది వట్టి సుగుణం కాదు, సుగుణానికి దారి వేసిన చట్టం. 2011 సునామీ తరవాత శిథిలాల్లో దొరికిన సుమారు 5,700 ఇనప్పెట్టెలు పోలీసులకు చేరాయి. వాటిలోని 230 కోట్ల యెన్లకు పైగా సొమ్ములో అధికభాగం సొంతదారులకే తిరిగి వెళ్లింది.

వస్తువుల విషయంలో ఇంత నికార్సైన మనుషులు అభిప్రాయాల దగ్గరికి వచ్చేసరికి తెర వేసుకుంటారు. మనసులోని మాటకు "హొన్నే" అనీ, పైకి చెప్పే మాటకు "తతెమాయే" అనీ వాళ్ల భాషలోనే రెండు పేర్లున్నాయి. మన ప్రతిపాదన విని "కెంతో షిమస్" అంటే, "పరిశీలిస్తాం" అని నిఘంటువు చెబుతుంది. నిఘంటువును నమ్ముకుని నేను రెండు వారాలు ఎదురుచూశాను. పక్కబల్ల దగ్గరి జపాను మిత్రుడు జాలిపడి, అది కాదని చెప్పడమేనని విప్పి చెప్పాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మన "చూద్దాం లెండి" కదా! అప్పు అడిగినవాడికీ, నచ్చని సంబంధం తెచ్చిన పెద్దమనిషికీ మనం చెప్పే మాట అదే. "చూద్దాం లెండి" అంటే చూడబోమని అర్థం. ఆ సంగతి ఈ నేలమీద పుట్టిన పిల్లవాడికి కూడా తెలుసు.

జపాను మౌనానికి నీడ కూడా ఉంది. కిక్కిరిసిన ఆ నిశ్శబ్దపు రైళ్లలోనే స్త్రీలను వేధించేవాళ్లు ఉండబట్టి, 2001లో కెయియో రైలుమార్గంలో స్త్రీలకు ప్రత్యేకపు పెట్టె పెట్టవలసి వచ్చింది. తరవాత మరిన్ని మార్గాల్లోనూ పెట్టారు. గొంతెత్తడం అమర్యాద అనుకునే చోట బాధితురాలు కూడా గొంతెత్తలేదు. అక్కడ మర్యాదకు వెల ఆమె చెల్లించింది.

మరి మన సంగతి? మన బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు "ఆపడం" చూసి విదేశీయులు నివ్వెరపోతారు. వరుస తప్పిన పనే, కాదనను. కానీ కర్చీఫ్ పడిన సీటులో మరొకరు కూర్చోవడం నేను అరుదుగా చూశాను. టోక్యో కాఫీ దుకాణంలో బల్లమీద ఫోను పెట్టి సీటు ఆపుకునే పెద్దమనిషికీ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీమీద పుస్తకం పెట్టి టీకి వెళ్లే ఉద్యోగార్థికీ ఆ నమ్మకంలో భేదం లేదు. కండక్టరు చిల్లర లేక టికెట్టు వెనక బాకీ రాసి ఇవ్వడం మీకూ అనుభవమే. ఆ గిలుకుడు ఒక ప్రామిసరీ నోటు! దిగేముందు అడిగి పుచ్చుకోవాలి, అంతే.

ఉదయం మా సందు మొదట్లో ఇడ్లీ బండి ఉంటుంది. చుట్టూ పాతికమంది నిలబడి తింటూ ఉంటారు. ఎవరు ఎన్ని తిన్నారో బండివాడు లెక్కపెట్టడు. చివర్లో "రెండు ప్లేట్లు ఇడ్లీ, ఒక వడ" అని మనమే చెప్పాలి. ఇప్పుడు క్యూఆర్ పలక వచ్చింది, పడిన మొత్తాన్ని ఒక డబ్బా గట్టిగా చదువుతుంది. తిన్నది ఎంతో మాత్రం ఇప్పటికీ తిన్నవాడి నోటిమాటే. జపాను పల్లెల్లో మనిషి లేని కూరగాయల గుడిసె, అందులో డబ్బు వేసే డబ్బా చూసి ముచ్చటపడి ఫొటోలు తీసుకొచ్చే మనవాళ్లు ఈ బండి పక్కనుంచే రోజూ నడిచి వెళతారు.

మనకు కృతజ్ఞత చెప్పే వాడుకమాట లేదన్నది మరో అభియోగం. "ధన్యవాదాలు" త్యాగరాయ గానసభ వేదిక దిగి వీధిలోకి రాలేదు, నిజమే. మన మర్యాద క్రియాపదం చివర ఉంటుంది. "రా"కూ "రండి"కీ మధ్య ఉన్నదంతా మర్యాదే. ఇంకొంత వరసలో ఉంటుంది. "అన్నా, జర జరుగు" అనగానే బస్సులో చోటు పుడుతుంది. ముందు చుట్టమైతే తరవాత మర్యాద దక్కుతుంది. చిక్కల్లా చుట్టరికం కలుపుకునే తీరిక లేనిచోటే. అయినా ఇది మన రక్తంలో ఉన్న లోపం కాదు. 2020 ఫిబ్రవరి 7న మా నారాయణగూడ మీదుగా మెట్రో మొదలైంది. కింద బస్సుకోసం తోసుకునే మనిషే పైన గీత వెనక నిలబడుతున్నాడు. రైలు వస్తుందన్న భరోసా ఉంటే తోపులాట ఎందుకు?

సత్యానికీ మర్యాదకూ అసలు పరీక్ష జబ్బు దగ్గర వస్తుంది. కొన్నేళ్ల క్రితం మా పెదనాన్నగారికి పరీక్షలు చేసిన డాక్టరు ఆయనకు ఏమీ చెప్పకుండా నన్ను వరండాలోకి పిలిచి క్యాన్సర్ అన్నారు. షికాగోలో ఉన్న అన్నయ్య ఫోనులో, "ఆయన జబ్బు ఆయనకు చెప్పకపోవడం అన్యాయంరా" అన్నాడు. పెద్దమ్మ చెప్పవద్దని చేతులు పట్టుకుంది. అన్నయ్య మాట అమెరికా మాట అనుకుంటాం గానీ, 1961లో షికాగో ఆసుపత్రి ఒకదానిలో వైద్యులను అడిగితే నూటికి 90 మంది రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మళ్లీ అమెరికాలో వైద్యులను అడిగినప్పుడు 97 మంది చెప్పాలన్నారు. జపానులో హిరోహితో చక్రవర్తి 1989లో తన జబ్బు పేరు తెలియకుండానే కన్నుమూశాడు. ఆ దేశమూ ఆ తరవాత మారింది.

ఆ సాయంత్రం పెదనాన్నగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరే, ఆ డిపాజిట్లు మీ పెద్దమ్మ పేరుకు మార్పించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. దసరా తరవాత చూసుకోమంటావా, ఈలోపే చేసుకోమంటావా?" అని అడిగారు.

"ఈలోపే అయితే ఒక పని తీరుతుంది కదా పెదనాన్నా" అన్నాను.

"ఊఁ... చూద్దాంలే" అన్నారు, కళ్లజోడు తుడుచుకుంటూ. మర్నాడు ఉదయమే ఆటో పిలిపించుకుని బ్యాంకుకు వెళ్లారు. వారంలో కాగితాలన్నీ సర్దారు. జబ్బు పేరు మా ఇద్దరి మధ్య చివరిదాకా రాలేదు. ఆయనకు నిజం చెప్పలేదని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. చెప్పాననే నేననుకుంటాను.

అయితే ఆ మాట చెల్లింది మేమిద్దరం నలభై ఏళ్లు ఒకే కప్పు కింద బతికాం కాబట్టి. ఆ భాషనే వీధిలోకి, కచేరీలోకి తెచ్చామనుకోండి, "రేపు రండి" అవుతుంది. వినేవాడికి అది "కాదు" అని తెలిసే వీలు లేదు. సెలవు పెట్టుకుని, ఎండలో బస్సెక్కి మళ్లీ వస్తాడు. "దారిలో ఉన్నానండీ" అన్నవాడు ఇంట్లో స్నానానికి లేస్తుంటే, గంటసేపు నిలబడేది రెండోవాడు.

అశోక్‌నగర్ అద్దెగదుల్లో చదువుకునే పిల్లలకు ఇది నేను చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రకటననే వెనక్కి తీసుకుని, 563 ఉద్యోగాలకు కొత్తది ఇచ్చారు. రెండేళ్ల గది అద్దె, మెస్సు బిల్లు, ఊళ్లో అమ్మానాన్నల అప్పు... ఇంత పెద్ద "రేపు రండి"కి వెల ఎవరు చెల్లించారో ఆ వీధిలో సాయంత్రం పూట టీకొట్టు దగ్గర నిలబడితే తెలుస్తుంది. వాళ్లకు కావలసింది జపాను వంగి వంగి దండాలూ కాదు, అమెరికా చిరునవ్వూ కాదు. ఫలానా తేదీ అంటే ఆ తేదీ.

చుట్టాల మధ్య "చూద్దాం లెండి"ని నేను వదులుకోను. పరాయివాడికి మాత్రం తేదీయే మర్యాద అని నాకు తోస్తుంది. కానీ ఆ మర్యాదను మనం గుర్తుపడతామా? పోయిన దసరాకు చిక్కడపల్లిలో ఒక దర్జీ నా గుడ్డ చేతిలోకి తీసుకుని చూసి, "పండగలోపు కాదండీ, పని ఒప్పుకుని ఉన్నాను" అన్నాడు. నా వెనక నిలబడినాయన, "చూశారా, ముఖంమీదే ఎలా అనేశాడో! బొత్తిగా మర్యాద లేదు" అని గొణిగి, రోడ్డుకు అవతల "రేపే ఇచ్చేస్తా సార్" అనే దర్జీ దగ్గరికి వెళ్లిపోయాడు. నేను గుడ్డ అక్కడే ఇచ్చి, పండగ పాత చొక్కాతో చేసుకున్నాను.